హాఫ్ మారథానా, ఫుల్ మారథానా?

10 కిలోమీటర్లు నిలకడగా పరుగెత్తగలిగిన వారి ముందు 21.0975 కిలోమీటర్ల హాఫ్, 42.195 కిలోమీటర్ల ఫుల్ రెండూ తరువాతి లక్ష్యాలుగా నిలుస్తాయి. దూరం రెట్టింపే అయినా శ్రమ రెట్టింపుతో ఆగదు.

శ్రమ: హాఫ్‌కు సాధారణంగా 10 నుంచి 12 వారాల సాధన సరిపోతుంది. ఫుల్‌కు 16 నుంచి 20 వారాలు కావాలి. 30 కిలోమీటర్ల వరకు సాగే సుదీర్ఘ పరుగులు సెలవు రోజుల ఉదయాలను పూర్తిగా తీసుకుంటాయి కనుక, ఇంట్లోవారి సమ్మతి కూడా సాధనలో భాగమేనని నేను భావిస్తాను.

ఖర్చు: ఫుల్ సాధనలో బూట్లు త్వరగా అరుగుతాయి.

ముప్పు: అసలు తేడా ఇక్కడే ఉంది. కండరాలలోను కాలేయంలోను నిల్వ ఉండే గ్లైకోజెన్ (శరీరం ఇంధనంగా దాచుకునే పిండిపదార్థం) చాలామందికి 30 కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. అందువల్ల పరుగు మధ్యలో పిండిపదార్థాలు తీసుకోవడాన్ని ముందే అభ్యసించని వారు, ఎంత దమ్మున్నా, చివరి 10 కిలోమీటర్లలో కుంగిపోయే అవకాశం ఎక్కువ. హాఫ్‌లో ఈ స్థితి అరుదు, కోలుకోవడమూ త్వరగా జరుగుతుంది.

పరుగు మొదలుపెట్టి ఏడాది నిండనివారికి, మోకాలి నొప్పి తరచుగా వచ్చేవారికి, వేగం పెంచుకోదలచినవారికి హాఫ్ తగినది. కొన్ని హాఫ్‌లను గాయం లేకుండా ముగించి, నాలుగైదు నెలలు క్రమం తప్పకుండా సమయం కేటాయించగలవారు ఫుల్‌కు నమోదు చేసుకోవచ్చు.