బడి మీది సోలార్: ఎనిమిదేళ్ల కరెంటు బిల్లులు చూశాక

కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో, బాదం తోటల మధ్య ఉన్న ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ కార్యాలయంలో కరెంటు, గ్యాసు, నీటి బిల్లులు సరిచూసి చెల్లింపుకు పంపడం నా ఉద్యోగం. 2017 ఆగస్టులో మా నాలుగు బడుల పార్కింగు స్థలాల మీద సోలార్ పందిళ్లు పనిచేయడం మొదలుపెట్టాయి. 2019లో ఐదో బడికి, ఈసారి ఓటర్లు ఆమోదించిన బాండు డబ్బుతో, సొంతంగానే కొని పెట్టుకున్నాం. అప్పటినుంచి ఆ ఐదు బడుల బిల్లులూ ప్రతి నెలా నా చేతుల మీదుగానే వెళ్లాయి. అమెరికాలో పిల్లలను చదివిస్తూ బోర్డు సమావేశాలకు వెళ్లే తెలుగువారు, డిస్ట్రిక్ట్ కమిటీల్లో కూర్చునేవారు ఇప్పుడు తక్కువేమీ లేరు. సోలార్ ప్రతిపాదన తమ ముందుకు వచ్చినప్పుడు ఏం చూడాలో వారికి తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సోలార్ పెట్టడం మంచి నిర్ణయమే, ఆదా కూడా నిజమే. అయితే అమ్మకానికి వచ్చినవారు పట్టికలో చూపించినంత ఆదా మొదటి మూడేళ్లు మాకు రాలేదు. ప్యానెళ్లు చెప్పినంత కరెంటు దాదాపుగా ఇచ్చాయి; లోటంతా టారిఫ్‌ను, అంటే కరెంటు సంస్థ ధరల నిబంధనలను, మేము చదవకపోవడం వల్ల వచ్చింది.

ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఎన్నికైన బోర్డు నడిపే స్థానిక ప్రభుత్వ సంస్థ. టీచర్ల జీతాలు ఏ పద్దు నుంచి పోతాయో కరెంటు బిల్లు కూడా ఆ పద్దు నుంచే పోతుంది. అమెరికా బడులన్నీ కలిసి ఇంధనానికి ఏటా సుమారు 800 కోట్ల డాలర్లు ఖర్చుపెడుతున్నాయని, అది పాఠ్యపుస్తకాలకూ కంప్యూటర్లకూ కలిపి పెట్టేదానికన్నా ఎక్కువని పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. కాబట్టి ఇక్కడ మిగిలే ప్రతి డాలరూ తరగతి గదికి చేరగల డాలరే.

మొదటి నాలుగు బడులకు మేము పెట్టుబడి పెట్టలేదు. ఒక కంపెనీ తన ఖర్చుతో పందిళ్లు వేసి, వాటిలో పుట్టిన కరెంటును ఇరవై ఏళ్లపాటు నిర్ణీత ధరకు మాకు అమ్మేలా ఒప్పందం కుదిరింది. మన దేశంలో సోలార్‌కు రెస్కో పద్ధతి అనేది దాదాపు ఇదే. అప్పట్లో దానికి బలమైన కారణం ఉంది: అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీ పన్ను కట్టేవారికే దక్కేది, ప్రభుత్వ బడి పన్ను కట్టదు కాబట్టి రాయితీని కంపెనీ తీసుకుని ధరలో కొంత తగ్గించేది. ఈ ఒప్పందంలో అందరూ మొదటి ఏడాది ధరనే చూస్తారు, చూడవలసింది ఏటా పెరిగే శాతాన్ని. లెక్క కోసం యూనిట్ 12 సెంట్లతో మొదలైందనుకుందాం. ఏటా 3 శాతం పెరిగితే ఇరవయ్యో ఏట అది 21 సెంట్లు దాటుతుంది. 1 శాతమే పెరిగితే పద్నాలుగున్నర సెంట్ల దగ్గర ఆగుతుంది. మా బోర్డులో ఒక సభ్యురాలు ఈ ఒక్క అంకె మీద రెండు సమావేశాలు పట్టుబట్టి కూర్చున్నారు. ఆవిడ ఆలస్యం చేస్తున్నారని అప్పుడు నేనూ అనుకున్నాను. ఈ రోజు ఆ తక్కువ శాతం వల్ల మిగులుతున్న డబ్బును నేనే లెక్క కడుతున్నాను.

ఇక అసలు విషయం. పందిళ్లు మొదలైన మొదటి సెప్టెంబరు బిల్లు వచ్చినప్పుడు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు సగానికి పైగా తగ్గాయి, డాలర్లు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. కారణం డిమాండ్ ఛార్జీ. నెల మొత్తంలో ఏ ఒక్క పదిహేను నిమిషాల్లో మనం అత్యధికంగా కరెంటు లాగామో, ఆ కిలోవాట్ల మీద వేసే రుసుము అది. ఇరవై తొమ్మిది రోజులు ఎండ కాసి, ముప్పయ్యో రోజు మధ్యాహ్నం ఏసీలన్నీ నడుస్తుండగా మబ్బు ఒక్క అరగంట కమ్మితే, ఆ నెల డిమాండ్ ఛార్జీ సోలార్ లేనప్పటిలాగే పడుతుంది. మా బడుల్లో మబ్బుకన్నా పెద్ద సమస్య ఉదయం ఏడు గంటలది: సూర్యుడు ఇంకా పైకి రాకముందే ప్రతి భవనంలోని ఏసీలూ ఒకే నిమిషంలో ఆన్ అయ్యేలా టైమర్లు పెట్టి ఉన్నాయి. పదిహేను నిమిషాల వారీ మీటరు రీడింగులను తీసి వరసగా చూసేదాకా ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. తరువాత భవనానికీ భవనానికీ పావుగంట తేడా పెట్టి ఏసీలు మొదలయ్యేలా మార్చాం. దానికి పైసా ఖర్చు కాలేదు. అదే సమయంలో, సోలార్ ఉన్న వినియోగదారులకు డిమాండ్ ఛార్జీ తక్కువగా, యూనిట్ ధర ఎక్కువగా ఉండే మరో టారిఫ్ అందుబాటులో ఉందని తెలిసి రెండు బడులను దానికి మార్పించాను. ఈ రెండు పనులూ 2017లోనే చేసి ఉండవలసినవి.

వేళలను బట్టి మారే ధరలు మరో అధ్యాయం. మేము సంతకం చేసినప్పుడు అత్యధిక ధర మధ్యాహ్నం వేళ ఉండేది, అంటే ప్యానెళ్లు బాగా పనిచేసే సమయంలోనే. రాష్ట్రమంతటా సోలార్ పెరిగి మధ్యాహ్నం కరెంటు సమృద్ధిగా ఉండడంతో, ఆ ఖరీదైన వేళలను సాయంత్రం 4 నుంచి 9 గంటలకు జరిపారు. ముందే పెట్టిన బడులకు పాత వేళలను పదేళ్లపాటు కొనసాగనిచ్చారు కాబట్టి మా నాలుగు బడులకు 2027 దాకా ఆ రక్షణ ఉంది. 2019లో పెట్టిన ఐదో బడికి అది లేదు. ఒకే రకం ప్యానెల్, ఒకే ఎండ, అయినా ఆ బడిలో పుట్టే యూనిట్ విలువ తక్కువ. ఇరవై ఏళ్ల ఆదా పట్టిక చూపించేవారిని, ఈ వేళలు మారితే ఆ పట్టిక ఏమవుతుందని అడగడం మరచిపోవద్దు.

ఎంత పెద్దది పెట్టుకోవాలన్నదానిలోనూ మేము పొరబడ్డాం. వేసవి సెలవుల్లో బడి మూసి ఉన్నా ప్యానెళ్లు పనిచేస్తూనే ఉంటాయి. నెట్ మీటరింగ్ కింద ఆ కరెంటు గ్రిడ్‌కు వెళ్లి జమ అవుతుంది, మిగతా నెలల్లో ఆ జమను వాడుకుంటాం. ఏడాది చివర లెక్క తేల్చినప్పుడు వాడుకకు మించి మిగిలిన యూనిట్లకు మాత్రం చాలా తక్కువ ధర కడతారు. మేము ముందు సోలార్ పెట్టి, ఆ తరువాత ట్యూబులైట్ల స్థానంలో ఎల్‌ఈడీలు వేయడంతో వాడుక తగ్గి, రెండు బడుల్లో ఉత్పత్తి మిగిలిపోవడం మొదలైంది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక ఆ మిగులు మరీ పెరిగింది. ఒప్పందం ప్రకారం పుట్టిన ప్రతి యూనిట్‌కూ కంపెనీకి పూర్తి ధర కట్టాలి, మాకు వచ్చేది ఆ నామమాత్రపు ధర. అర్కాన్సాలోని బేట్స్‌విల్ స్కూల్ డిస్ట్రిక్ట్ ఇంధన ఆడిట్‌తో, అంటే కరెంటు ఎక్కడెంత ఖర్చవుతోందో తనిఖీతో, మొదలుపెట్టి, లైట్లు, పరికరాలు బాగుచేసుకోవడంతోపాటు సోలార్ పెట్టుకుని, మిగిలిన డబ్బులో కొంత టీచర్ల జీతాల పెంపుకు వాడింది. మేమూ ఆడిట్‌తోనే మొదలుపెట్టవలసింది.

నిర్వహణ గురించి. సెంట్రల్ వ్యాలీలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా బాదం కోతలు. చెట్లను యంత్రాలతో ఊపి, రాలిన కాయలను ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము ప్యానెళ్ల మీద పూతలా పడుతుంది. సరిగ్గా బడులు తెరిచి ఏసీలు గట్టిగా నడిచే కాలం అది. ఏడాదికి ఒకసారి కడగడం ఒప్పందంలో ఉంటే, ఆ ఒక్కసారి ఏ నెలలోనో కూడా రాయించుకోవాలి. శీతాకాలపు పొగమంచులో ఉత్పత్తి రోజుల తరబడి బాగా పడిపోతుంది. 2020 సెప్టెంబరులో కార్చిచ్చుల పొగకు ఆకాశం నారింజ రంగుకు తిరిగిన రోజుల్లోనూ అంతే. ఇవి మన చేతిలో లేనివి.

చేతిలో ఉండి జారిపోయినది ఒకటుంది. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు మూసేశారు. మా సొంత బడిలో ఉత్పత్తి సమాచారాన్ని పంపే మోడెమ్ 3జీదని పర్యవేక్షణ చూసే సంస్థ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. సమాచారం ఆగిపోయిన వారాల్లోనే, ప్యానెళ్ల కరెంటును బడి వాడుకునే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఒకటి కూడా ఆగిపోయింది. అది బిల్లులో నాకు కనిపించేసరికి రెండు నెలల ఎండ వృథా అయింది. కంపెనీ సొంతమైన పందిళ్లలో ఇలా జరిగితే నష్టం వాళ్లదీ కాబట్టి వాళ్లే పరుగెత్తుకొస్తారు. సొంతమైనవాటికి పరుగెత్తేవారిని మనమే పెట్టుకోవాలి. ఇన్వర్టర్లు పది, పదిహేనేళ్లకు మార్చవలసి వస్తాయి, దానికి ఇప్పటినుంచే డబ్బు పక్కన పెడుతున్నాం. ప్యానెళ్లు ఏటా అర శాతం చొప్పున క్షీణిస్తాయని పట్టికలో రాశారు, ఇప్పటివరకు అది నిజమేననిపిస్తోంది.

బిల్లులో కనిపించని లాభం ఒకటి తప్పక చెప్పాలి. ఇక్కడ వేసవిలో 38 డిగ్రీలు దాటడం మామూలు. పిల్లల కోసం తల్లిదండ్రులు ఇప్పుడు పందిళ్ల నీడలో నిలబడుతున్నారు. నేను చదివిన పల్లెటూరి బడిలో ఆ పని ఒక వేపచెట్టు చేసేది. పైకప్పు మీద పెట్టడంకన్నా పందిరికి ఖర్చెక్కువ, రాష్ట్ర ఆర్కిటెక్ట్ విభాగం అనుమతికి సమయమూ పడుతుంది. అయినా మా పాత పైకప్పులను కొన్నేళ్లలో తిరగవేయవలసి ఉంది కాబట్టి, నేల మీదినుంచి లేచే పందిరే మాకు సరైనది.

ఇప్పుడు మొదలుపెట్టేవారి పరిస్థితి మాకన్నా వేరు. 2023 ఏప్రిల్ 15 నుంచి కాలిఫోర్నియాలో దరఖాస్తు చేసినవారికి గ్రిడ్‌కు పంపే కరెంటుకు మాకు వచ్చినంత విలువ రాదు, కాబట్టి బ్యాటరీ లేకుండా లెక్క కుదరడం కష్టం. మరోవైపు 2022 ఆగస్టు చట్టం వల్ల పన్ను కట్టని బడులకు కూడా రాయితీని నేరుగా నగదుగా ఇస్తున్నారు, షరతులు తీరితే ఖర్చులో 30 శాతం. దీంతో సొంతంగా పెట్టుకోవడం చాలా డిస్ట్రిక్టులకు అందుబాటులోకి వచ్చింది. అయితే 2025 జులై 4 నాటి చట్టం ప్రకారం, ఆ రాయితీ దక్కాలంటే సోలార్ పనులు 2026 జులై 4లోపు మొదలవ్వాలి, లేదా 2027 చివరికల్లా పనిచేయడం మొదలుపెట్టాలి. ఈ గడువు చూపించి తొందరపెట్టేవారు వస్తారు. కాలిఫోర్నియాలో టెండరు లేకుండా ఇంధన ఒప్పందం చేసుకునే వీలు బోర్డుకు ఉంది, కానీ అందుకు ముందుగా ప్రకటించి బహిరంగ విచారణ జరపాలి. తల్లిదండ్రులు వెళ్లవలసిన సమావేశం అదే.

మా బోర్డు ముందు ప్రస్తుతం బ్యాటరీల ప్రతిపాదన ఉంది. ఉదయం ఏడు గంటల డిమాండ్‌నూ, సాయంత్రపు ఖరీదైన వేళల వాడకాన్నీ బ్యాటరీ తగ్గిస్తుందని ముగ్గురు సరఫరాదారులు చెబుతున్నారు. గత ఏడాది మా పదిహేను నిమిషాల రీడింగులన్నీ వారికి పంపి, పాత వేళల రక్షణ ముగిశాక వర్తించే టారిఫ్‌తోనే ఆదా లెక్కకట్టి, చెప్పినంత డిమాండ్ తగ్గకపోతే తేడాను తామే కడతామని రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. ఒకరు ఒప్పుకున్నారు, మిగతా ఇద్దరి జవాబు ఇంకా రాలేదు.