సీతాశోకం అని కొంటున్నారా, ఆగండి

రోజూ పొద్దున్నే వాట్సాప్ స్టేటస్‌లో "కడియం నుంచి డైరెక్ట్" అని మొక్కలు పెట్టే ఆయన ఉన్నాడుగా, పేరు చెప్పను, కొనేవాళ్ళకి అర్థమైపోతుంది. జూన్‌లో రెండు సీతాశోకం మొక్కలు, అదే లంకలో సీతమ్మ కింద కూర్చుందంటారే ఆ అసలు అశోక చెట్టువి, తీసుకున్నా, ఒక్కోటి 850, కార్గోకి 300, మొత్తం 2,000 ముందే ఫోన్‌పే కొట్టించుకున్నాడు.

వచ్చినప్పుడు ఒక్క ఆకు లేదు, ఉత్త పుల్లలు. దారిలో వాడిపోకుండా దూసేశాం మేడం అంటే నిజమే కాబోలు అనుకున్నా. నెల తిరక్కుండా చిగురేసింది, రాగి రంగులో వేలాడుతూ, అబ్బ సీతాశోకం చిగురంటే ఇదీ అని మురిసిపోయి చుట్టాలందరికీ ఫోటోలు పంపా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. అందరూ అశోకా అని పిలిచే నరమామిడి చెట్టు లేత చిగురు కూడా అదే రంగులో ఉంటుందని ఈ మహా తోటమాలికి తెలీదు మరి. నిన్న చూస్తే ఆకులు ముదిరాయి, కాడకి ఒక్కటే ఆకు, పొడుగ్గా, అంచులు అలలు అలలుగా. స్కూళ్ళ ప్రహరీ పక్కన స్తంభాల్లా నిలబడతాయే, అవే.

ఫోన్ చేసి మర్యాదగానే అడిగా, నరమామిడి పంపారేంటండీ అని. నవ్వాడు. నవ్వి "అశోకా అంటే ఇదే మేడం, అయినా దాని కింద సీతమ్మ వచ్చి కూర్చుంటుందా ఏంటి" అన్నాడు. వెనకాల ఇంకెవరో కూడా కిసుక్కున నవ్వారు, అంటే స్పీకర్‌లో పెట్టి నలుగురికీ వినిపిస్తున్నాడన్నమాట. డబ్బులు పోయినందుకు ఇంత మండలేదు నాకు. ఆ వెంటనే బ్లాక్. మా చెల్లి ఫోన్లో మాత్రం ఇవాళ కూడా అదే స్టేటస్, కొమ్మల నిండా నారింజ రంగు గుత్తులు, కింద "లిమిటెడ్ స్టాక్" అట.

పొగడ, పారిజాతం, రేల అన్నీ నర్సరీకెళ్ళి తడిమి చూసి తెచ్చుకున్నదాన్ని, దీనికి పూల ఫోటో చూసి పడిపోయా. మా పెరట్లో పక్కింటి నీడ ఎక్కువ, ఇదైతే నీడలోనూ బతుకుతుందని ఆశ.

ఆకు చూసి కొనండి, అంతే. అసలు సీతాశోకానికి ఒకే ఈనెకి అటూ ఇటూ జతలు జతలుగా ఆకులుంటాయి. దూసేసి పంపిస్తే తీసుకోకండి. ఆయన దగ్గర అంటు సంపెంగ బుక్ చేసినవాళ్ళుంటే కాండం మీద అంటు కట్టిన చోటు ఉందో లేదో చూసుకోండి, గింజ మొక్క అయితే పూలకి ఏళ్ళు ఆగాలి.