బ్రేక్‌అవే బ్యాటరీ కొంటున్నారా? టెస్ట్ బటన్ గ్రీన్ లైట్‌ని నమ్మకండి

ట్రెయిలర్ బ్రేక్‌అవే కిట్‌కి (లాగే ట్రక్కు నుంచి ట్రెయిలర్ ఊడిపోతే దాని బ్రేకులు వాటంతట అవే పడేలా చేసే డబ్బా, స్విచ్) కొత్త బ్యాటరీ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నేను కొన్న సెల్లర్ మీలో చాలామందికి తెలిసినవాడే. ట్రెయిలర్ పార్టులు వెతికితే మొదటి వరసలోనే కనిపిస్తాడు, రేటింగ్ కూడా బాగానే ఉంటుంది. ప్లాట్‌ఫామ్‌లో కంప్లయింట్ ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మాది రెండు యాక్సిళ్ల యుటిలిటీ ట్రెయిలర్, ఎలక్ట్రిక్ బ్రేకులు. చలికాలమంతా కదలకుండా నిలబడి ఉండేసరికి కిట్ డబ్బాలోని పాత బ్యాటరీ అయిపోయింది. మళ్లీ రోడ్డెక్కించే ముందు మార్చాలని ఆర్డర్ పెట్టాను. 12 వోల్టులు, 5 ఆంపియర్ అవర్, సీల్డ్ లెడ్ యాసిడ్. లిస్టింగ్‌లో ‘బ్రాండ్ న్యూ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. వచ్చింది, బిగించాను, రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను. పొద్దున డబ్బా మీది టెస్ట్ బటన్ నొక్కితే గ్రీన్ లైట్ వెలిగింది.

చాలామంది అక్కడితో ఆగిపోతారు. అలా ఆగిపోతారనే ధైర్యంతోనే ఇలాంటి బ్యాటరీలు అమ్ముతున్నారని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

నేను ప్రతి సీజన్ మొదట్లో చేసినట్టే ఒకవైపు చక్రాలు జాకీ మీద లేపి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, ట్రక్కు నుంచి ట్రెయిలర్‌కి కరెంటు తెచ్చే ఏడు పిన్నుల ప్లగ్ తీసేసి, బ్రేక్‌అవే స్విచ్ పిన్ లాగాను. ఆ పిన్ బయటికి వస్తే డబ్బాలోని బ్యాటరీ కరెంటు నేరుగా బ్రేకులకు వెళ్తుంది. చక్రాల లోపల బ్రేకులను పట్టించే మాగ్నెట్లు జుమ్మని మోగాయి. చక్రం బిగుసుకుంది. అంతవరకు బాగుంది. కాసేపటికే ఆ మోత సన్నబడింది. నిమిషం తిరక్కుండానే చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ వోల్టేజ్ ఏడుకు పడిపోయి ఉంది.

ఇక్కడ అసలు విషయం గమనించండి. పిన్ మళ్లీ లోపలికి పెట్టి కాసేపు వదిలేస్తే అదే బ్యాటరీ 12 వోల్టులకు పైన చూపించింది. టెస్ట్ బటన్ నొక్కితే మళ్లీ గ్రీన్! ఎందుకంటే మా కిట్‌లో ఆ చిన్న లైటు వోల్టేజ్ మాత్రమే చూస్తుంది. లోడ్ పడ్డప్పుడు బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో దానికి తెలియదు. ఒక్కో బ్రేక్ మాగ్నెట్ సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. రెండు యాక్సిళ్లకు నాలుగు చక్రాలు, అంటే 12 ఆంపియర్ల దాకా. ముసలి బ్యాటరీకి లైటు వెలిగించడం పెద్ద పని కాదు, నాలుగు చక్రాలను బిగించి పట్టుకోవడం దాని వల్ల కాదు.

సరే, ఏదో ఒక పీసు పాడైంది, మారుస్తారులే అని సెల్లర్‌కి ఫోన్ చేశాను. ఆ మాటలు ఇప్పటికీ చెవుల్లోంచి పోవడం లేదు.

“లైట్ ఏ రంగులో ఉంది?” అన్నాడు. గ్రీన్ అన్నాను.

“అయితే బ్యాటరీ బాగున్నట్టే కదా?”

పిన్ లాగితే నిమిషం కూడా బ్రేకులు పట్టడం లేదని, మీటర్ మీద ఏం వచ్చిందో కూడా చెప్పాను. “అసలు పిన్ ఎందుకు లాగారు? మీరే బ్యాటరీని ఖాళీ చేశారు. అలా చేస్తే వారంటీ వర్తించదు” అన్నాడు. ఆ పిన్ ఉన్నదే లాగడానికి కదండీ, ట్రెయిలర్ ఊడిపోతే లాగబడేది అదే కదా అన్నాను. దానికి నవ్వాడు. నవ్వి, “మీ ట్రెయిలర్ ఎన్నిసార్లు ఊడిపోతుందండీ? ఈ బ్యాటరీ ఎవరికీ పనిపడదు. ఇన్‌స్పెక్షన్‌లో లైట్ వెలిగితే చాలు” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. డబ్బులు వెనక్కి ఇవ్వనంటే కోపం వచ్చేది, అంతే. కానీ బ్రేకు పార్టులు అమ్మే మనిషి ‘ఇది పనిచేయకపోయినా ఫర్వాలేదు’ అని నవ్వుతూ చెప్పడం నేను తట్టుకోలేకపోయాను. ట్రెయిలర్ ఊడిపోవడమంటే ఏమిటో అతనికి తెలియదా? ట్రెయిలర్‌ని ట్రక్కుకు కలిపే హిచ్ వదిలేసి, సేఫ్టీ చెయిన్లు కూడా తెగితే, ఆ బరువంతా హైవే మీద ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఎదురుగా వచ్చే కారులో ఎవరైనా ఉండొచ్చు, చిన్నపిల్లలు ఉండొచ్చు. ఆ క్షణంలో ట్రక్కు నుంచి కరెంటు రాదు, డ్రైవర్ కాలి కింది బ్రేకుకు ట్రెయిలర్‌తో సంబంధం ఉండదు. దాన్ని ఆపగలిగేది ఆ డబ్బాలోని బ్యాటరీ ఒక్కటే. ఎప్పుడో గానీ అవసరం రాదు కాబట్టే అది వచ్చిన ఒక్కసారి తప్పకుండా పనిచేయాలి.

ఇది నా చాదస్తం కాదు. అమెరికా ఫెడరల్ నిబంధన 49 సీఎఫ్ఆర్ 393.43లో కమర్షియల్ వాహనాలకు స్పష్టంగా రాసి ఉంది: బ్రేకులు ఉండాల్సిన ట్రెయిలర్ ఊడిపోతే ఆ బ్రేకులు వెంటనే, వాటంతట అవే పడాలి, కనీసం 15 నిమిషాలు పడే ఉండాలి. సొంత వాడకం ట్రెయిలర్లకు చాలా రాష్ట్రాల్లో వేరే నిబంధనలున్నాయి, మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి. నాలుగు బ్రేకులు కలిసి 12 ఆంపియర్లు లాగుతుంటే 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ కొత్తదైనా, నిండా ఛార్జ్ అయినదైనా ఆ పావుగంటకు పెద్దగా మిగులు ఉండదు. ఇక నాకు వచ్చినది నిమిషం కూడా నిలవలేదు.

ఫోన్ పెట్టేశాక బ్యాటరీ బయటికి తీసి వెలుతురులో తిప్పి చూశాను. స్టిక్కర్ ఒక మూల కొంచెం లేచి ఉంది. గోటితో లాగితే కింద ఇంకో కంపెనీ స్టిక్కర్! దాని మీది తేదీ కోడ్ చూస్తే తయారై కొన్నేళ్లు దాటింది. టెర్మినళ్ల మీద పాత క్లిప్పులు గీసుకుపోయిన గీతలు కూడా ఉన్నాయి. అంటే ఎక్కడో వాడి పడేసినదానికి కొత్త కాగితం అంటించి ‘బ్రాండ్ న్యూ’ అని పంపించారు. ఫోటోలు తీసి మెసేజ్‌లో పెట్టాను. ‘ఓపెన్ చేసిన ప్రోడక్ట్‌కి రిటర్న్ లేదు’ అని ఒక లైను జవాబు వచ్చింది. ఆ తర్వాత జవాబులే లేవు. ప్లాట్‌ఫామ్‌కి ఫోటోలు, మీటర్ రీడింగ్ వీడియో అన్నీ పంపాను. బ్యాంకులో కూడా డిస్ప్యూట్ పెట్టాను.

మొన్న ఊరికి దగ్గర్లోని బ్యాటరీ దుకాణంలో తేదీ చూసి, లోడ్ టెస్ట్ చేయించి వేరేది కొన్నాను. పిన్ లాగితే చక్రాలు గట్టిగా పట్టాయి, నేను పిన్ తిరిగి పెట్టేదాకా వదల్లేదు.

కొనేవాళ్లకు నాలుగు మాటలు, తొందరలో రాస్తున్నాను. బ్యాటరీ రాగానే బిగించకముందే తేదీ కోడ్, టెర్మినళ్లు, స్టిక్కర్ అంచులు చూడండి. డబ్బా విప్పుతూ వీడియో తీయండి, నా దగ్గర అది లేకనే కంప్లయింట్ సాగుతోంది. నిండా ఛార్జ్ అయి కాసేపు ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గకూడదు, కానీ ఆ అంకె ఒక్కటే చూసి తృప్తి పడకండి, పిన్ లాగి లోడ్ మీద చూడండి. పిన్ లాగే ముందు ఏడు పిన్నుల ప్లగ్ తీసేయడం మరిచిపోవద్దు, లేకపోతే ట్రెయిలర్ బ్రేకులను నడిపే, ట్రక్కులోని బ్రేక్ కంట్రోలర్ దెబ్బతినొచ్చు. పని చూసుకోగానే పిన్ వెనక్కి పెట్టేయండి, ఎక్కువసేపు వదిలేస్తే బ్యాటరీ నిజంగానే ఖాళీ అవుతుంది, మాగ్నెట్లు వేడెక్కుతాయి.

ఇంకొకటి. కొన్ని ట్రక్కుల్లో ఏడు పిన్నుల ప్లగ్‌లోని 12 వోల్టుల ఛార్జ్ లైనుకు ఫ్యూజ్ గానీ రిలే గానీ మనమే పెట్టుకోవాలి. అది లేకపోతే ఎన్ని మైళ్లు లాగినా ఈ బ్యాటరీ ఛార్జ్ కాదు. మీటర్ పెట్టి ఒకసారి చూసుకోండి. ట్రెయిలర్ నెలల తరబడి నిలబెడితే మధ్యలో ఛార్జర్ తగిలించండి, ఖాళీగా పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో సల్ఫేషన్ వచ్చి (లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి) మళ్లీ కోలుకోదు. బ్రేక్‌అవే కేబుల్‌ని సేఫ్టీ చెయిన్‌కి గానీ హిచ్ బాల్‌కి గానీ తగిలించకండి, ట్రక్కు మీద విడిగా గట్టి చోట తగిలించండి. లేకపోతే హిచ్ మొత్తంగా ఊడి వచ్చినప్పుడు కేబుల్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది, పిన్ లాగబడదు.

ఆ లిస్టింగ్ ఇప్పటికీ అలాగే ఉంది, ‘బ్రాండ్ న్యూ’ అనే ఉంది. ఇలాంటిదే మీకూ వచ్చి ఉంటే స్టిక్కర్ మూల లేపి చూసి, ఫోటో తీసి ప్లాట్‌ఫామ్‌కి కంప్లయింట్ పెట్టండి. ఒక్కడి మాట కన్నా పదిమంది ఫోటోలు త్వరగా పనిచేస్తాయి.