నెయిల్ గన్ మేకు చేతిలో దిగితే అక్కడే పీకేయాలా, ఉంచుకుని ఆసుపత్రికి వెళ్లాలా?

మేకు దిగగానే పట్టుకారు అందుకోవాలనిపిస్తుంది. నొప్పి ఒకపక్క, ఒంట్లో ఇనుము ఉందన్న టెన్షన్ ఇంకోపక్క. అయినా సరే, పీకొద్దు.

మనం సుత్తితో కొట్టే మేకు లాంటిది కాదు ఇది. గన్‌లో మేకులు వరసగా నిలవడానికి జిగురు, ప్లాస్టిక్, కాగితం, సన్న తీగ లాంటివి వాడతారు, గన్ పేలినప్పుడు వాటి ముక్కలు కూడా మేకుతో పాటే లోపలికి పోతాయి, తీగ తునకలైతే గాలపు ముల్లులా లోపలికి సులువుగా దిగి, వెనక్కి లాగినప్పుడు కండనూ నరాన్నీ చీల్చుకుంటూ వస్తాయి. తెగిన రక్తనాళాన్ని ఆ మేకే అదిమి ఉంచిందనుకోండి, తీసిన మరుక్షణం రక్తం ఆగదు. మెడ, ఛాతీ, పొట్ట, కన్ను అయితే అసలు ముట్టుకోకూడదు.

ఉంచుకుని వెళ్లడమంటే ఊరికే వెళ్లడం కాదు. వాపు రాకముందే ఉంగరాలు తీసేయండి, మేకు కదలకుండా చుట్టూ మెత్తగా గుడ్డ పేర్చి కట్టండి, ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినకండి. వేలికి స్పర్శ ఉందా, వంగుతోందా అన్నది డాక్టర్ మత్తు ఇంజెక్షన్‌కి ముందే చూడాలి, ఆ తర్వాత చూస్తే నరం దెబ్బతిందో మత్తు వల్ల తిమ్మిరెక్కిందో తేలదు. రెండు కోణాల్లో ఎక్స్‌రే తీస్తే ఎముకకు, కీలుకు తగిలిందో లేదో చాలావరకు తెలుస్తుంది.

ఎమర్జెన్సీలోనే తీయించుకోవడమా, ఆపరేషన్ థియేటరా అన్నది మేకు ఎక్కడ దిగిందన్నదాన్ని బట్టే. కండలోనే ఉంటే అక్కడే తీసేస్తారు, అవసరమైతే మేకు తల కత్తిరించి ముందువైపుకే తోస్తారు. కీలులోకి దిగితే మాత్రం థియేటర్‌లో లోపలంతా కడగాల్సిందే, భయపడి వద్దనకండి, కీలులో చీము పడితే ఆ వేలు మళ్లీ సరిగ్గా వంగకపోవచ్చు.

కుట్లు వేయలేదని కంగారు పడొద్దు, ఇలాంటి లోతు గాయాన్ని సాధారణంగా తెరిచే ఉంచుతారు. టీటీ వేయించుకుని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

ఎక్కువ ప్రెషర్‌తో కొట్టే పెయింట్ స్ప్రే గన్ ధార వేల్లోకి దిగితే మాత్రం లెక్క వేరు. సూదిమొన అంత రంధ్రం, మొదట్లో నొప్పీ పెద్దగా ఉండదు, లోపల మాత్రం పెయింట్ వేలంతా పాకుతుంది. తెల్లారాక చూద్దామనుకుంటే వేలే పోవచ్చు, గంటల్లోనే సర్జన్ దగ్గర ఉండాలి.

ఇప్పటికే మేకు పీకేసి ఉంటే దాన్ని పారేయకండి. దాంతోపాటు అదే వరసలోంచి కొత్త మేకు ఒకటి పట్టుకెళ్తే, రెండూ పక్కపక్కన పెట్టి ఏ ముక్క లోపలే ఉండిపోయిందో డాక్టర్ చూసుకుంటారు.