“రింగో తొలినాటి డ్రమ్ములు” అని అమ్ముతున్న రికార్డుల విషయంలో జాగ్రత్త

పాత బీటిల్స్ రికార్డులు సేకరించే మిత్రులకు ఈ హెచ్చరిక. గత రెండు నెలల్లో ఆన్‌లైన్‌లో ఒకే విక్రేత దగ్గర నేను రెండు రికార్డులు కొన్నాను. రవాణా ఖర్చుతో కలిపి 18,500 రూపాయలు అయింది. మొదటిది, బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1960–62 మధ్య చేసిన తొలి రికార్డింగులని అట్ట మీద అచ్చువేసిన ఎల్పీ (చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు). రెండోది, 1962 నాటి మొదటి ముద్రణగా వర్ణించిన ఎర్ర లేబుల్ “లవ్ మీ డూ” సింగిల్ (వైపుకు ఒక పాట ఉండే చిన్న రికార్డు). తీరా ఇంటికి వచ్చాక విని చూస్తే, ఈ రెండింటిలో ఏ ఒక్క పాటలోనూ డ్రమ్ములు వాయించింది రింగో కాదు.

ఎల్పీలో ఉన్నవి ఎక్కువగా జర్మనీలోని హాంబర్గ్‌లో ఇంగ్లిష్ గాయకుడు టోనీ షెరిడన్ పాడిన పాటలు. బీటిల్స్ వాయించగా “మై బానీ” మొదలైనవి నిర్మాత బెర్ట్ కెంఫర్ట్ ఆధ్వర్యంలో రికార్డయింది 1961 జూన్‌లో. అప్పటి బీటిల్స్ డ్రమ్మర్ పీట్ బెస్ట్. రింగో ఆ బృందంలో సభ్యుడిగా తొలిసారి వేదికెక్కింది 1962 ఆగస్టు 18న. కనుక తేదీ చూస్తే చాలు, అట్ట మీది మాట నిలవదు. పైగా ఈ పాటల్లో కొన్నింటికి బీటిల్స్‌తోనే సంబంధం లేదు: 1964లో జర్మనీ పాలిడార్ సంస్థ వీటిని ఎల్పీగా తెచ్చినప్పుడు అందులోని పన్నెండింటిలో ఎనిమిది మాత్రమే బీటిల్స్ వాయించినవి, మిగిలిన నాలుగూ షెరిడన్ వేరే వాద్యకారులతో చేసుకున్నవి. నాకు అంటగట్టింది అవే పన్నెండు పాటలు, అట్ట ఒక్కటే కొత్తది. ఇది చాలదన్నట్టు, 1964లో అమెరికాలో ఆట్కో సంస్థ కొన్ని పాటల మీద అదనంగా డ్రమ్ములు చేర్పించి విడుదల చేసింది. బీటిల్స్ పాటల్లో వాయించింది తానేనని ఆ తరువాత అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ చెప్పుకోవడంతో ఈ వ్యవహారం మరింత చిక్కుపడింది. అందువల్ల ఒకే పాట జర్మన్ ముద్రణలో ఒకలా, అమెరికన్ ముద్రణలో మరోలా వినిపించవచ్చు. ఆ రెండింటిలోనూ రింగో లేరు.

మరి 1960 నాటి రింగో ఎక్కడున్నారు? రోరీ స్టార్మ్ అండ్ ది హరికేన్స్ బృందంలో ఉన్నారు. ఆ ఏడాది అక్టోబరు 15న హాంబర్గ్‌లోని అకూస్టిక్ అనే చిన్న స్టూడియోలో హరికేన్స్ గాయకుడు లూ వాల్టర్స్ పాడుతుండగా బీటిల్స్ సభ్యులు లెనన్, మెకార్ట్‌నీ, హారిసన్‌లతో కలిసి రింగో తొలిసారి వాయించారు. అప్పుడు తయారుచేసిన డిస్కులు అతి కొద్ది. ఆ రికార్డింగు నేటికీ అధికారికంగా విడుదల కాలేదు కనుక, దాన్ని ఎల్పీలో ఇస్తున్నామని ఎవరన్నా నమ్మవద్దు. 1960లో హరికేన్స్ ఇచ్చిన కచేరీ టేపు ఒకటి 2012లో వెలుగులోకి వచ్చింది; అది వేరే సంగతి. ఇక రోరీ స్టార్మ్ పేరుతో 1963, 1964లలో వచ్చిన సింగిల్స్‌ను కూడా రింగో పేరు చెప్పి అమ్ముతున్నారు, కానీ అప్పటికే ఆయన ఆ బృందాన్ని వదిలేశారు.

స్టార్ క్లబ్ అనే సంగీత క్లబ్బు టేపుల మాటా చెప్పాలి, ఎందుకంటే వాటిలో నిజంగానే రింగో ఉన్నారు, అబద్ధమల్లా తేదీలోనే. 1962 డిసెంబరు చివర హాంబర్గ్‌లో మామూలు టేపు రికార్డరుతో పట్టిన ఆ కచేరీని 1977లో రెండు రికార్డుల సెట్‌గా తెచ్చినవారు, అది 1962 వసంతకాలానిదని, పీట్ బెస్ట్ రాకపోవడంతో రింగో కూర్చున్నారని కథ అల్లారు. జూన్‌లో బీటిల్స్‌కు ఈఎంఐ రికార్డు సంస్థతో కుదిరిన ఒప్పందం అడ్డు రాకుండా చేసిన ఏర్పాటు అది. 1998లో లండన్ న్యాయస్థానంలో జార్జ్ హారిసన్ సాక్ష్యం చెప్పాకనే ఆ టేపుల మీది వివాదం బీటిల్స్ పక్షాన తేలింది. పాత అట్టల మీది కథను నేటికీ కొందరు విక్రేతలు యథాతథంగా ఎక్కిస్తున్నారు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధించిన సింగిల్ సంగతి. “లవ్ మీ డూ”ను సెప్టెంబరు 4న రింగో వాయించారు. 11న ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్ వాయించగా రింగో చేతికి టాంబొరిన్ (గలగలలాడే బిళ్లలున్న చేతి వాద్యం) ఇచ్చారు. 1962 అక్టోబరు 5న వెలువడిన ఎర్ర లేబుల్ సింగిల్‌లో ఉన్నది రింగో వాయించినది. మరుసటి ఏటి బీటిల్స్ ఎల్పీలో ఉన్నది వైట్ వాయించినది. టాంబొరిన్ వినిపిస్తే అది రింగో డ్రమ్ములు కాదు. ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు. ఎర్ర లేబుల్ చూసి మోసపోవడం ఎలాగంటే, 1982లో తెచ్చిన పునర్ముద్రణకూ ఎర్ర లేబులే వేశారు, కానీ అందులో పెట్టింది వైట్ వాయించిన పాట. ఆ ముద్రణకు బొమ్మ అట్ట ఉండేది. నాకు పంపినది దాన్ని తీసేసి, ఈఎంఐ వారి పార్లోఫోన్ లేబుల్ పాత అట్టలో దూర్చినది. ఈఎంఐ వారే 2012లో యాభై ఏళ్ల ప్రత్యేక ముద్రణలో పొరపాటున వైట్ పాటను వేసి, సరుకు వెనక్కి పిలవవలసి వచ్చింది. అసలు సంస్థకే తప్పినప్పుడు నా బోటివాడు బోల్తాపడటంలో వింత లేదనుకోండి, కానీ విక్రేతకు తెలియకుండా అట్ట మారదు కదా. ఒక విషయం గమనించండి: నిజమైన మొదటి ముద్రణలోనూ రెండో వైపు పాటకు డ్రమ్ములు వైట్‌వే, అందువల్ల కొనేముందు వినడానికి పాట నమూనా అడిగేటప్పుడు మొదటి వైపుదే అడగాలి.

డబ్బు పంపే ముందు పాట మొదటి ముప్పై సెకన్లు వినిపించమని, రికార్డు చివర పాట లేని నున్నటి భాగంలో చెక్కిన సంఖ్యలను ఫొటో తీసి పంపమని అడగండి. నేను అడగలేదు, లేబుల్ ఫొటో ఒక్కటే చూసి చెల్లించాను. ఫిర్యాదు చేసినప్పుడు “అది రింగో కాదని మీరు నిరూపించండి” అని జవాబిచ్చారు. తేదీలన్నీ రాసి పంపాక సింగిల్ వెల మాత్రం తిరిగి ఇచ్చారు. ఎల్పీ తెరిచి విన్నారు కనుక వాపసు లేదన్నారు. నిన్న రాత్రి చూస్తే అదే ఎల్పీ, అదే ఫొటోతో, 500 రూపాయలు పెంచి మళ్లీ అమ్మకానికి పెట్టి ఉంది.