స్టూడియో హెడ్‌ఫోన్లతో ఏడాది: ఇంట్లో పాటలు వినడానికి కొనవచ్చా?

హనుమకొండలో జానపద గీతాలు రికార్డు చేసే ఒక చిన్న గదిలో నా మిత్రుడొకరు పనిచేస్తారు. ఒక సాయంత్రం అక్కడికి వెళ్లినప్పుడు ఆయన తన చెవుల మీది సోనీ ఎమ్‌డీఆర్-7506 హెడ్‌ఫోన్లు తీసి నాకిచ్చి, అప్పుడే పూర్తయిన బతుకమ్మ పాటను వినిపించారు. వంత పాడిన నలుగురిలో ఒకామె చరణం అందుకునే ముందు తీసుకున్న ఊపిరి నాకు స్పష్టంగా వినిపించింది. దాన్ని ఉంచాలా తీసేయాలా అని ఆయన ఆలోచిస్తుంటే, ఇన్నేళ్లుగా వింటున్న పాటల్లో నాకు వినపడకుండా పోయినవి ఎన్ని ఉన్నాయోనన్న ఆలోచన నన్ను పట్టుకుంది. నెల తిరగకముందే ఆడియో-టెక్నికా కంపెనీ స్టూడియో హెడ్‌ఫోన్లు ఏటీహెచ్-ఎమ్50ఎక్స్ కొన్నాను. పని కోసం కాదు, రాత్రి భోజనమయ్యాక గంటసేపు పాటలు వినడానికి మాత్రమే.

ఏడాది వాడిన తరువాత ముందుగా చెప్పవలసింది, స్టూడియో అన్న మాట చుట్టూ ఉన్న అపోహ గురించి. ఈ హెడ్‌ఫోన్లు ఉన్న ధ్వనిని ఉన్నట్టుగా, ఏమీ కలపకుండా వినిపిస్తాయని చాలామంది నమ్ముతారు. నిజానికి ఎమ్50ఎక్స్‌లో బేస్, అంటే లోతైన కింది ధ్వని, కొంచెం బరువుగా ఉంటుంది. 1991 నుంచి స్టూడియోల్లో తిరుగుతున్న సోనీ 7506లో ట్రెబుల్, అంటే సన్నని పై ధ్వని, పదునుగా ఉంటుంది. ఒకే పాటను రెండింటిలోనూ వింటే మృదంగం ఒకదానిలో దగ్గరగా, మరొకదానిలో కాస్త దూరంగా జరిగినట్టు తోస్తుంది. అసలు ఈ వస్తువులు తయారైంది పనివాళ్ల అవసరాల కోసం: పాడేవారి హెడ్‌ఫోన్ల నుంచి శబ్దం బయటికి పొక్కి మైకులో పడకూడదు, రోజూ పదిసార్లు తీసి పెట్టినా విరగకూడదు, వైరు గది అవతలి వరకూ చేరాలి, కుషన్లు అరిగితే మార్చుకోగలగాలి. ఇంట్లో వినేవారికి ఈ గుణాల్లో సగం లాభం, సగం బరువు.

వినడం విషయానికి వస్తే, లాభం పాటను బట్టి మారుతుంది. మంచి కచేరీ రికార్డింగు పెట్టినప్పుడు తంబురా శ్రుతి వెనుక సన్నని దారంలా చివరిదాకా సాగడం, మృదంగం మీద ఎడమచేతి గుమ్మనే నాదం, కుడిచేతి దెబ్బ విడివిడిగా తెలియడం, గాయకుడు స్వరం మీద నిలిచేటప్పుడు గొంతులో కలిగే చిన్న కంపం వినపడడం నిజంగా కొత్త అనుభవం. ఆ ఒక్కదానికే డబ్బు గిట్టుబాటైందనిపించిన రాత్రులున్నాయి. ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు ఎక్కువగా మోనోలో, అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని వచ్చేలా, రికార్డయినవి కాబట్టి, గొంతూ వాద్యాలూ అన్నీ తల మధ్యలో ఒకే చోట నిలబడతాయి, వెనుక టేపు బుసబుస కూడా వినిపిస్తుంది. నాకది ఇబ్బంది కాలేదు, పైగా గొంతు మరింత దగ్గరైనట్టుంది. కానీ మా నాన్నగారు రెండు నిమిషాలు విని తీసేసి, రేడియోలోనే బాగుందన్నారు. ఇక ఫోన్ స్పీకరులో గట్టిగా మోగాలని తయారుచేసిన కొన్ని కొత్త జానపద గీతాల సంగతి మరీ దారుణం. డప్పు దెబ్బ పడిన ప్రతిసారీ గొంతు అణిగిపోయి మళ్లీ పైకి లేవడం ఈ హెడ్‌ఫోన్లలో ఒకసారి పసిగట్టారంటే, ఆ పాటను మునుపటిలా వినలేరు. మా పిల్లల పెళ్లిళ్లలో మోగే పాటలు రెండు మూడు నాకు అలాగే దూరమయ్యాయి.

కొనేవారు తప్పక చూడవలసిన అంకె ఇంపీడెన్స్, అంటే ఫోను నుంచి వచ్చే విద్యుత్తుకు హెడ్‌ఫోను చూపే నిరోధం. దాన్ని ఓముల్లో కొలుస్తారు. ఎమ్50ఎక్స్‌ది 38 ఓములు కాబట్టి మామూలు ఫోనుతోనే చాలినంత గట్టిగా మోగుతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో మాత్రం 32, 80, 250 ఓముల రకాలుగా దొరుకుతుంది. అంకె పెద్దదైతే నాణ్యత పెద్దదని ఒక దుకాణంలో చెప్పగా విని 250 ఓములది కొన్న కుర్రవాడు, ఫోనులో వాల్యూమ్ చివరిదాకా పెంచినా పాట నీరసంగానే ఉందని వాపోయాడు. దానికి విడిగా ఆంప్లిఫయర్ కావాలి, అంటే ఖర్చు అక్కడితో ఆగదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి హెడ్‌ఫోన్ రంధ్రమే లేదు కనుక చార్జింగ్ రంధ్రానికి తగిలించే చిన్న టైప్-సి డాంగిల్ కూడా లెక్కలో వేసుకోవాలి. అన్ని డాంగిళ్లూ అన్ని ఫోన్లతో పనిచేయవు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి వెనుక వైపు తెరిచి ఉండే రకాలు ధ్వనికి పేరుపొందినవే గానీ, సీలింగ్ ఫ్యాన్ గిరగిర, వంటింట్లో కుక్కర్ విజిల్ ఉన్న ఇంట్లో వాటిని నేను సిఫారసు చేయను. బయటి చప్పుడు లోపలికి వస్తుంది, లోపలి పాట పక్కన పడుకున్నవారికి వినిపిస్తుంది.

ఎమ్50ఎక్స్ వంటి, వెనుక మూసి ఉండే రకంలో అసలు చిక్కు మన వరంగల్ ఎండాకాలం. మే నెలలో కూలర్ ముందు కూర్చున్నా, రెక్సిన్ కుషన్ల కింద చెవులు ఇరవై నిమిషాలకే తడిసిపోతాయి. ఏ కంపెనీదైనా ఈ రకం కుషన్లు చెమటకూ వేడికీ కొంతకాలానికి పొట్టు లేస్తాయి. మఖమలు కుషన్లు చల్లగా ఉంటాయి గానీ, వాటిని మార్చితే చాలా జతల్లో బేస్ కొంత తగ్గుతుంది. ఎమ్50ఎక్స్ 285 గ్రాముల బరువు మొదటి వారం మెడకు తెలిసింది, తరువాత అలవాటైంది. మూడు మీటర్ల వైరు మంచం పక్కన చుట్టలు చుట్టుకుని కాళ్లకు తగులుతూ ఉంటుంది. పెట్టెలో ఇచ్చిన మూడు వైర్లలో 1.2 మీటర్లదే ఇంటికి నయం. వైరు పాడైతే మాత్రం జాగ్రత్త, హెడ్‌ఫోను వైపు కొస 2.5 మిల్లీమీటర్లది, పైగా తిప్పి బిగించేది, కాబట్టి బజారులో దొరికే మామూలు వైరు అందులో పట్టదు.

కాజీపేట నుంచి సికింద్రాబాదుకు రైలులో రోజూ వెళ్లివచ్చేవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. పక్క సీటులో మాటలను కొంతవరకు ఆపుతుంది గానీ, చక్రాల హోరు కింది నుంచి వస్తూనే ఉంటుంది. ఆ హోరును తగ్గించడంలో శబ్దాన్ని రద్దుచేసే ఇయర్‌బడ్స్ తక్కువ ధరలోనే దీనికంటే మేలు. ఫోను వస్తే మాట్లాడడానికి దీనికి మైకు కూడా లేదు. ఒకే జత కొని ఇంటా బయటా వాడాలనుకునేవారికి నా సమాధానం వద్దు అనే. రోజూ ఒకే కుర్చీలో కూర్చుని, పాట తప్ప మరో పని పెట్టుకోకుండా వినే అలవాటున్నవారికి మాత్రం సంకోచం లేకుండా కొనమంటాను.

దుకాణాల్లో సీలు విప్పి వినిపించడం అరుదు. అందుకే ఆన్‌లైనులో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని, మొదటి రోజే మీకు కంఠతా వచ్చిన నాలుగు పాటలను ఒక్కొక్కటీ పూర్తిగా వినండి. వాటిలో ఒకటైనా మళ్లీ మొదటి నుంచి వినాలనిపించకపోతే పెట్టె సర్ది పంపేయండి.