ఉచిత రిజాల్వ్‌లో మాస్కింగ్: సిరిమాను వెనక టైటిల్ పెట్టడం దాకా

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ గురించి ఎవరు మాట్లాడినా రంగుల దగ్గరే ఆగిపోతారు. పండగ వీడియోలూ పెళ్లి మిక్సింగులూ చేసే నాకు మాత్రం దాన్ని వదలబుద్ధి కానిది వేరే పనికి. రంగులు దిద్దే కలర్ పేజీలో వస్తువు చుట్టూ గీసిన ఆకారాన్ని, అంటే విండోని, ఆల్ఫాగా (ఏది కనబడాలో ఏది కనబడకూడదో చెప్పే పొరగా) బయటికి తీసి, కదిలే వీడియోలోంచి ఆ ఒక్క వస్తువుని విడదీయొచ్చు. మాస్కింగ్ అంటే ఇదే. ఆ వస్తువుకీ దాని వెనకున్న దానికీ మధ్య అక్షరాలు పెట్టొచ్చు, ఇంకో ఫొటో పెట్టొచ్చు. ఇదంతా డబ్బు కట్టక్కర్లేని వెర్షన్‌లోనే ఉంది. అయినా మన వైపు స్టూడియోల్లో దీన్ని వాడేవాళ్లు తక్కువే.

ముందు క్రాప్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎడిట్ పేజీలో ఇన్‌స్పెక్టర్ (క్లిప్ సెట్టింగులుండే ప్యానెల్) తెరిస్తే క్రాపింగ్ ఉంటుంది: నాలుగు పక్కలా కోత, అంచుకి సాఫ్ట్‌నెస్. కోసేది అడ్డంగా, నిలువుగా మాత్రమే. పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ చెరో సగంలో చూపించడానికి అది చాలు. నిలువు రీల్ చేసేటప్పుడు మాత్రం క్రాప్ ముట్టుకోకండి. అదే ఇన్‌స్పెక్టర్‌లో కిందున్న స్కేలింగ్‌ని ఫిల్‌కి మార్చి, పొజిషన్ ఎక్స్‌తో పక్కకి జరపండి. పక్కల పోయిన బొమ్మ ఎక్కడికీ పోదు, జరిపితే తిరిగొస్తుంది.

ఇక అసలు విషయం. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం తీసినవాళ్లకి ఆ దృశ్యం ఎంత కష్టమో తెలుసు. దసరా తర్వాతి మంగళవారం, కోటకీ మూడు లాంతర్ల దగ్గరున్న గుడికీ మధ్య మూడు సార్లు తిరిగే చింతమాను, దాని కొసన ఆసనంలో పూజారి, కింద ఇసకేస్తే రాలని జనం, పైకి ఎగిరే అరటిపళ్లు. ‘సిరిమానోత్సవం’ అన్న అక్షరాలు ఆకాశంలో నిలబడి ఉండాలి, మాను వాటి ముందు నుంచి సాగిపోవాలి. మామూలుగా అక్షరాల్ని మాను మీదే అంటించేస్తారు. అలా చేస్తే అమ్మవారి మానుని అట్టముక్కతో కప్పినట్టుంటుంది.

చేసే పద్ధతి ఇది. క్లిప్ మొదటి ట్రాకులో ఉంటుంది. ఆల్ట్ నొక్కి పట్టుకుని దాన్ని మూడో ట్రాకులోకి లాగితే కాపీ వస్తుంది, ఫ్రేము తేడా లేకుండా కిందిదాని మీదే పడాలి. రెండో ట్రాకులో టైటిల్. కాపీతో పాటు వచ్చిన ఆడియోని వెంటనే తీసేయాలి. ఒకే శబ్దం రెండు ట్రాకుల్లో పడితే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, డప్పులు పగిలిపోయినట్టు వినిపిస్తాయి.

పైనున్న కాపీని కలర్ పేజీలో తెరిచి, కొత్త నోడ్ (క్లిప్ మీద చేసే ఒక్కో మార్పుకి ఒక్కో పెట్టె) వేసి, విండోల్లో కర్వ్ తీసుకుని మాను చుట్టూ గీయాలి. గీత వస్తువు అంచుకి బయట కాకుండా ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికే రావాలి. బయటికి పోతే మాను పక్కనున్న ఆకాశం కూడా వచ్చి, అక్షరం మీద తెల్లటి చారలా కనబడుతుంది. వ్యూయర్‌ని 200 శాతానికి పెంచి చూస్తే తెలిసిపోతుంది. ఇన్‌సైడ్, అవుట్‌సైడ్ సాఫ్ట్‌నెస్ రెండూ బాగా తగ్గించాలి. షిఫ్ట్ హెచ్ నొక్కితే విండో బయటిదంతా బూడిద రంగులోకి పోతుంది, తప్పు ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది. తర్వాత నోడ్‌ల ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసి యాడ్ ఆల్ఫా అవుట్‌పుట్ అనాలి. కుడి చివర నీలం చుక్క ఒకటి పుడుతుంది. మన నోడ్‌కి కుడివైపున్న నీలం గుర్తు నుంచి దానికి తీగ లాగగానే టైటిల్ మాను వెనక్కి వెళ్లిపోతుంది. ఇంత పని జరగడానికి పట్టేది ఒక్క తీగ. మొదటిసారి చూసినవాళ్లెవరికైనా ఒళ్లు పులకరిస్తుంది.

కానీ అది ఒక్క ఫ్రేముకే. మాను కదులుతుంది, విండో కూడా దాని వెంటే కదిలేలా ట్రాకర్‌తో ట్రాక్ చేయాలి. చాలామంది ట్రాకర్‌ని తిట్టుకుని వదిలేసేది ఇక్కడే, కారణం తెలిస్తే తిట్టరు. ట్రాకర్ చూసేది విండో లోపలున్న పిక్సెళ్లని. సన్నటి మాను చుట్టూ బిగించి గీసిన విండోలో పట్టుకోవడానికి గుర్తులు చాలవు. పైగా మాను పొడవునా ఒకేలా ఉంటుంది కాబట్టి ఏ ముక్క ఏదో దానికి తెలీదు, మాను వెంబడి జారుకుంటూ పోతుంది. మధ్యలో ఒక అరటిపండు ఎగిరొచ్చిందంటే దాని వెంట పడుతుంది.

మందు ఏంటంటే, గీసిన విండోని ట్రాక్ చేయకండి. పక్కన ఇంకో నోడ్ వేసి, పూజారినీ ఆసనాన్నీ అలంకారాన్నీ కలుపుకుని ఒక సర్కిల్ విండో పెట్టండి. అక్కడ పూలు, బట్ట మడతలు, మనిషి, అన్నీ గుర్తులే. ట్రాకర్‌లో పాన్, టిల్ట్, జూమ్, రొటేట్ ఉంచి త్రీడీ టిక్ తీసేసి, కంట్రోల్ టీ నొక్కండి. అది అయ్యాక ట్రాకర్ మూలనున్న మెనూలో కాపీ ట్రాక్ డేటా. మాను గీసిన నోడ్‌కి వచ్చి, ట్రాక్ మొదలెట్టిన ఫ్రేము మీదే నిలబడి, పేస్ట్ ట్రాక్ డేటా. ఆ రెండో నోడ్ పని అయిపోయింది, తీసేయొచ్చు.

ఆసనం ఊగుతుంటే రొటేట్ తప్పు చెప్తుంది. కొస దగ్గర సరిపోతుంది గానీ కిందికొచ్చేసరికి విండో పక్కకి పోతుంది. అప్పుడు రొటేట్ టిక్ తీసి మళ్లీ ట్రాక్ చేసి, మిగిలిన తేడాని చేత్తో సరిచేయాలి. చేత్తో సరిచేసేముందు ట్రాకర్‌లో క్లిప్ అని ఉన్నదాన్ని ఫ్రేమ్‌కి మార్చారా లేదా చూసుకోండి. క్లిప్‌లో ఉండగా విండోని జరిపితే మొత్తం ట్రాక్ అంతా జరుగుతుంది. ఫ్రేమ్‌లో ఉంటే ఆ ఫ్రేము దగ్గరే కీఫ్రేము (విండో అక్కడ ఎలా ఉండాలో చెప్పే గుర్తు) పడి, మధ్యలోది అదే సర్దుకుంటుంది. ప్రతి ఫ్రేమూ ముట్టుకోకండి, గీత వణుకుతుంది. ఎక్కడెక్కడ బాగా తప్పిందో అక్కడ మాత్రమే.

రంగు విషయం కూడా ఉంది. కింద క్లిప్‌కి ఒక రంగు, పై కాపీకి ఇంకో రంగు పడితే మాను అతుకు వేసినట్టు బయటపడుతుంది. గ్రేడ్ చేసిన, అంటే రంగులు దిద్దిన నోడ్ మీద రైట్ క్లిక్ చేసి సేవ్ యాజ్ షేర్డ్ నోడ్ అని, దాన్నే రెండు క్లిప్పుల్లోనూ పెట్టండి. ఒకచోట మారిస్తే రెండోచోటా మారుతుంది. మాస్క్ దాని తర్వాతి నోడ్‌లో ఉంటుంది కాబట్టి దాని జోలికి రాదు.

పాత ఫొటోలకి ఇదే పద్ధతి ఇంకా హాయి, ట్రాకింగే అక్కర్లేదు. ఆల్బమ్‌లోని తాతగారి ఫొటోనో, తప్పెటగుళ్ల కళాకారుల ఫొటోనో తీసుకుని, మనిషిని గీసి, పై లేయర్‌ని 1.00 నుంచి 1.10 దాకా, కింది లేయర్‌ని 1.00 నుంచి 1.05 దాకా జూమ్ చేస్తే బొమ్మకి లోతు వస్తుంది. పైదే ఎక్కువ పెరగాలి. కింది లేయర్‌లో కూడా అదే మనిషి ఉన్నాడు, పైవాడు పెద్దవుతూ ఉంటేనే కిందివాణ్ణి కప్పుతాడు. యాంకర్ పాయింట్ (జూమ్‌కి కేంద్రమయ్యే చుక్క) రెండింటికీ ఒకటే, అదీ మనిషి ఛాతీ దగ్గర. తప్పెటగుళ్ల ఫొటోల్లో చిక్కొచ్చేది చేతుల దగ్గర. గుండె మీద తప్పెట కట్టుకుని చేతులు చాచినప్పుడు చంకకీ చేతికీ మధ్య ఖాళీలోంచి కిందున్న చెయ్యి రెండోసారి తొంగిచూస్తుంది. కింది ఫొటోలో ఆ చేతిని ముందే గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో క్లోన్ చేసి చెరిపేస్తే పీడా పోతుంది. కుదరకపోతే కింది లేయర్‌ని కాస్త బ్లర్ చేయండి, కళ్లు అటు పోవు.

మరి అన్నిటికీ పనికొస్తుందా అంటే, మాను, గోపురం, రథం, లైట్‌హౌస్ లాంటి గట్టి వస్తువులకే నేను భరోసా ఇవ్వగలను. నడిచే మనిషి, ఎగిరే పైట, గాలికి లేచే జుట్టు అయితే కర్వ్ విండోతో కొట్టుకోవడం దండగ. ఆకారం నిమిషానికోలా మారేదానికి ట్రాకర్ ఏమీ చేయలేదు, గీత మళ్లీ మళ్లీ గీయాల్సిందే. దానికోసమే ఉన్న మ్యాజిక్ మాస్క్ 295 డాలర్ల స్టూడియో వెర్షన్‌లో మాత్రమే వస్తుంది. పైన తీగ లాగగానే అయిపోతుందన్నాను కదా, అది ఆగి ఉన్న బొమ్మకి నిజం. కదిలే క్లిప్‌కి తీగ లాగడం ఆఖరి పనికాదు, అసలు పని అక్కడ మొదలవుతుంది.

4 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద 4కె టైమ్‌లైన్‌లో ఇలాంటి లేయర్లు రెండు మూడు పెడితే జీపీయూ మెమరీ నిండిందని చెప్పి ఆగిపోతుంది. టైమ్‌లైన్‌ని 1080కి దించి పని చేసుకుని, ప్లేబ్యాక్ మెనూలో రెండర్ క్యాష్‌ని స్మార్ట్‌లో ఉంచితే నా మిషన్ మీద సాఫీగానే నడుస్తోంది. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి దీన్ని చూసి రిజాల్వ్‌కి మారమని చెప్పలేను.

నా పనిలో ఎక్కువ భాగం గుళ్లు, పండగలు, పాత ఫొటోలు. అందుకే ఉచిత వెర్షన్‌తో సరిపెట్టుకుంటున్నాను. పెళ్లి పాటలు ఎక్కువ చేసేవాళ్ల లెక్క వేరు. డాన్సు చేసే మనుషుల్ని విడదీయాల్సిన పని వారానికోసారి తగులుతుంటే స్టూడియో డబ్బు దండగ కాదు. అలా తగలనివాళ్లు మూఢంలో ఖాళీ దొరికినప్పుడు ఒక సిరిమాను క్లిప్పో, అరసవల్లి గోపురం క్లిప్పో ముందేసుకుని పైన చెప్పిన కాపీ ట్రాక్ డేటా పద్ధతి చేతికి పట్టించుకున్నాక, కొనే సంగతి అప్పుడు ఆలోచించుకోవచ్చు.